చిన్న యూనివర్సిటీలో బయాలజీ చదువు: సీటు నుంచి ప్రాజెక్టు దాకా ఏం చేయాలి, ఏ వరుసలో చేయాలి

బైపీసీ అయింది, నీట్‌లో మెడిసిన్ సీటుకు సరిపడా మార్కులు రాలేదు. తిరుపతిలోనో, చిత్తూరులోనో, కుప్పంలోనో బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ, బయోమెడికల్ సైన్స్‌లలో ఒకదాంట్లో సీటు దొరికింది. "చిన్న యూనివర్సిటీ కదా, ఇక్కడ సరిగా చదవాలంటే ఎలా?" అని అడిగేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. వాళ్ల కోసమే ఇది.

చిన్న చోట పరికరాలు తక్కువ. వాటి ముందు నిలబడేవాళ్లూ తక్కువే. అడిగినవాళ్లకు చేతినిండా పని దొరుకుతుంది, అడగనివాళ్లను ఎవరూ పిలిచి ఇవ్వరు. కింద చెప్పేవాటిలో సగం పనులు ఎలా అడగాలి, ఎప్పుడు అడగాలి అన్నదాని గురించే.

1. చేరకముందు: కోర్సు పేరు చదవండి, ల్యాబ్ తలుపు తీయించండి

ముందు ఒక సందేహం తీర్చుకోండి. ఆసుపత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసే ఉద్యోగమే కావాలనుకుంటే మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ చదవాలి. దానికి రిజిస్ట్రేషన్ దారి వేరు. 2021లో కేంద్రం తెచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టం పరిధిలోకి ఈ వృత్తి వస్తుంది. బయోమెడికల్ సైన్స్, బయోకెమిస్ట్రీ, మైక్రోబయాలజీ డిగ్రీలు పరిశోధన వైపు, ఫార్మా, డయాగ్నస్టిక్ కంపెనీల వైపు తీసుకెళ్తాయి. మూడేళ్లు చదివాక "ల్యాబ్ టెక్నీషియన్ పోస్టుకు అర్హత లేదంట" అని తెలుసుకోవడం కంటే దరఖాస్తు రోజే తెలుసుకోవడం మేలు.

ఈ చుట్టుపక్కల దారులు చాలానే ఉన్నాయి. తిరుపతిలో 1954 నాటి శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ, అమ్మాయిల కోసం 1983లో వచ్చిన పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, ఆసుపత్రితో కలిసి ఉన్న స్విమ్స్, వెటర్నరీ యూనివర్సిటీ, 2015లో మొదలైన ఐసర్ (కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా పరిశోధన సంస్థ) ఉన్నాయి. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం, చిత్తూరులో అపోలో యూనివర్సిటీ ఉన్నాయి. ఒక్కోదాని కోర్సులు, ఫీజులు, ప్రవేశ పద్ధతి వేరు వేరు. రాష్ట్ర యూనివర్సిటీల పీజీ సీట్లకు ఏపీ పీజీసెట్ రాయాలి. డిగ్రీలో మేజర్, మైనర్ నిబంధనలు ఈమధ్య మారుతూ వస్తున్నాయి. సీనియర్ చెప్పిన మాట పట్టుకుని పోకుండా ఆ ఏటి నోటిఫికేషన్ చదవండి.

బ్రోషర్‌లో ఫొటోలు అందరివీ బాగానే ఉంటాయి. ఫీజు కట్టకముందు ఒక పనిదినం చూసుకుని స్వయంగా వెళ్లండి. ఆదివారం వెళ్తే వాచ్‌మన్ తప్ప ఎవరూ దొరకరు.

వెళ్లినప్పుడు చూడాల్సినవి:

- ఆటోక్లేవ్ (ఆవిరి ఒత్తిడితో సూక్ష్మజీవులను చంపేది), లామినార్ ఎయిర్ ఫ్లో (శుభ్రమైన గాలి వీచే పని బల్ల), సెంట్రిఫ్యూజ్ (గిర్రున తిప్పి వేరుచేసేది), పీసీఆర్ యంత్రం (డీఎన్ఏ కాపీలు చేసేది), జెల్ యూనిట్ (డీఎన్ఏ ముక్కలను వేరుచేసేది), స్పెక్ట్రోఫోటోమీటర్ (ద్రావణం కాంతిని ఎంత పీల్చుకుంటుందో కొలిచేది) ఉన్నాయా? వాటి పక్కన పెట్టే లాగ్ బుక్‌లో చివరి తేదీ ఎప్పటిది?
- ప్రాక్టికల్ బ్యాచ్‌లో ఎంతమంది? ఒక మైక్రోస్కోప్‌కు ఎంతమంది?
- రెగ్యులర్ అధ్యాపకులు ఎందరు, గెస్ట్ ఫ్యాకల్టీ ఎందరు?
- కరెంటు పోతే ఫ్రీజర్‌కు, ఇంక్యుబేటర్‌కు బ్యాకప్ ఉందా?
- పోయిన ఏడాది ఫైనల్ ఇయర్ వాళ్ల ప్రాజెక్టు రిపోర్టులు చూపిస్తారా?

లాగ్ బుక్ సంగతి చాలామంది పట్టించుకోరు. పరికరం ఉండటం వేరు, అది పనిచేస్తూ ఉండటం వేరు. దుమ్ము గుడ్డ కప్పిన పీసీఆర్ యంత్రం కంటే రోజూ వాడుతున్న పాత సెంట్రిఫ్యూజ్ మీకు ఎక్కువ నేర్పుతుంది.

2. మొదటి నెల: లెక్కలు, ఇంగ్లీషు

బైపీసీ నుంచి వచ్చినవాళ్లు లెక్కలతో సంబంధం తెగిపోయిందనుకుంటారు. తెగలేదు. ల్యాబ్‌లో మొదటి రోజే మొలారిటీ ఎదురవుతుంది. మొదటి నెలలో ఈ రెండు లెక్కలు కాగితం చూడకుండా చేయగలగాలి.

ఒకటి, ఘనపదార్థం తూచి ద్రావణం చేయడం. 0.5 మోలార్ సోడియం క్లోరైడ్ 250 మి.లీ. కావాలి. అణుభారం 58.44. దాన్ని 0.5తో, ఆ తర్వాత లీటర్లలో పరిమాణం 0.25తో గుణించండి. 7.305 గ్రాములు. ఉప్పును ముందు సుమారు 200 మి.లీ. నీళ్లలో కరిగించి, ఆ తర్వాత 250 గీత దాకా నింపాలి. 250 మి.లీ. నీళ్లు కొలిచి అందులో ఉప్పు వేయడం అందరూ చేసే తప్పు. అలా చేస్తే మొత్తం 250 దాటిపోయి గాఢత తగ్గుతుంది.

రెండు, గాఢమైన స్టాక్‌ను పలచన చేయడం. 50 రెట్లు గాఢమైన టీఏఈ బఫర్ (డీఎన్ఏ జెల్ నడపడానికి వాడే ద్రావణం) నుంచి ఒక రెట్టు బఫర్ 500 మి.లీ. కావాలంటే స్టాక్ 10 మి.లీ., నీళ్లు 490 మి.లీ. ఈ లెక్క ప్రతివారం వస్తుంది.

తర్వాత లాగరిథమ్, సగటు, స్టాండర్డ్ డీవియేషన్, గ్రాఫ్ గీయడం. రోజుకు అరగంట చొప్పున నెల రోజులు కూర్చుంటే చాలు. కోచింగ్ అక్కర్లేదు.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లకు ఇంగ్లీషు టెన్షన్ సహజం. డిక్షనరీ పెట్టుకుని పాఠ్యపుస్తకాన్ని మాట మాటకీ తెలుగు చేసుకుంటూ పోతే నెల తిరక్కుండానే విసుగొస్తుంది. దానికి బదులు ఒక చిన్న నోట్‌బుక్ పెట్టండి. ప్రతి పేజీలో ఒక ప్రక్రియ: ఎడమవైపు బొమ్మ, కుడివైపు ఐదు సొంత వాక్యాలు, ముందు తెలుగులో, కింద ఇంగ్లీషులో. డీఎన్ఏ రెప్లికేషన్ తెలుగులో మీ అమ్మకు అర్థమయ్యేలా చెప్పగలిగితే ఇంగ్లీషు వాక్యాలు తర్వాత వాటంతటవే వస్తాయి.

3. ప్రాక్టికల్స్: ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి

బ్యాచ్‌లో ఎనిమిది మంది ఉంటే ఇద్దరు చేస్తారు, నలుగురు చూస్తారు, ఇద్దరు ఫోన్ చూస్తారు. ఆ మొదటి ఇద్దరిలో మీరు ఉండాలంటే ముందు రోజు రాత్రే సిద్ధం కావాలి.

ముందు రోజు చేయాల్సినవి:

- ప్రోటోకాల్‌ను సొంత మాటల్లో ఒక పేజీలో రాసుకోండి. ప్రతి అడుగు పక్కన "ఎందుకు?" అని ఒక గడి ఉంచండి.
- కావాల్సిన ద్రావణాల లెక్కలు పూర్తిచేయండి.
- ఏ అడుగులో వేచి ఉండాలో గుర్తు పెట్టుకోండి. ఆ ఖాళీలో తర్వాతి పని సిద్ధం చేయాలి.
- ఏప్రన్, గ్లవ్స్, మార్కర్, టిష్యూ సంచిలో పెట్టుకోండి. ఏసిటోన్, ఆల్కహాల్ తగిలితే చెరిగిపోయే పెన్ను వద్దు.

*మైక్రోపిపెట్*

మైక్రోలీటర్లలో ద్రవం కొలిచి తీసే పరికరం ఇది. చిన్న పనిలా కనిపిస్తుంది, పాడయ్యే ప్రయోగాల్లో చాలావాటికి మూలం ఇక్కడే. బటన్‌కు రెండు ఆగే చోట్లు ఉంటాయి. మొదటి చోటు దాకా నొక్కి, టిప్‌ను ద్రవంలో కొద్దిగా ముంచి, బటన్‌ను మెల్లగా వదలాలి. ద్రవాన్ని బయటికి వదిలేటప్పుడు మొదటి చోటు దాకా నొక్కి, మిగిలిన చుక్క కోసం రెండో చోటు దాకా నొక్కాలి. తీసుకునేటప్పుడే రెండో చోటు దాకా నొక్కేస్తే ద్రవం ఎక్కువ వస్తుంది. బటన్‌ను టక్కున వదిలేస్తే బుడగ వచ్చి తక్కువ వస్తుంది, ద్రవం పిపెట్ లోపలికి ఎగజిమ్మే ప్రమాదం కూడా ఉంది.

చెయ్యి సరిగ్గా ఉందో లేదో తూకంతో తేల్చుకోవచ్చు. 100 మైక్రోలీటర్ల నీళ్లు 0.1 గ్రాము తూగాలి. బ్యాలెన్స్ మీద చిన్న ట్యూబ్ పెట్టి, సున్నా చేసి, పదిసార్లు వరుసగా 100 మైక్రోలీటర్లు వేయండి. ప్రతిసారీ 0.1 దగ్గర పడుతుంటే మీ చెయ్యి కుదిరినట్టే. ఒకేవైపు తప్పుతుంటే పిపెట్‌కే కాలిబ్రేషన్ (కొలత సరిచేయడం) కావాలేమో, సార్‌కు చెప్పండి. మే నెలలో తిరుపతి ఎండకు నీళ్లు త్వరగా ఆవిరవుతాయి, గబగబా తూచేయండి.

*గ్రామ్ స్టెయినింగ్*

బ్యాక్టీరియాను రంగుతో రెండు రకాలుగా గుర్తించే పరీక్ష ఇది. వరుస అందరికీ నోటికొస్తుంది: స్మియర్‌ను (స్లైడ్ మీద పలుచగా పూసిన పొర) ఆరబెట్టి మంట మీద ఫిక్స్ చేయడం, క్రిస్టల్ వయొలెట్ ఒక నిమిషం, అయోడిన్ ఒక నిమిషం, ఆల్కహాల్, ఆఖర్న సాఫ్రనిన్. గ్రామ్ పాజిటివ్ ఊదా రంగులో, నెగెటివ్ గులాబీ రంగులో కనిపించాలి. ఫలితం తేలేది మాత్రం ఆల్కహాల్ దగ్గరే.

స్లైడ్‌ను కాస్త వంచి చుక్కచుక్కగా ఆల్కహాల్ వేస్తుంటే ఊదా రంగు కారుతుంది. కారే చుక్క తేటపడగానే వెంటనే నీళ్లతో కడగాలి. పది పదిహేను సెకన్ల పని. ఆ సమయంలో పక్కవాళ్లతో మాట్లాడితే పాజిటివ్ బ్యాక్టీరియా కూడా గులాబీ అయిపోతుంది. స్మియర్ మందంగా ఉంటే దీనికి తిరగబడి, నెగెటివ్ కూడా ఊదాగా మిగులుతుంది. రోజు దాటిన పాత కల్చర్ (ల్యాబ్‌లో పెంచిన బ్యాక్టీరియా) వాడితే పాజిటివ్ కణాలు రంగు నిలుపుకోలేవు.

దీనికి విరుగుడు ఒకటే. అదే స్లైడ్ మీద, మీ శాంపిల్ పక్కన, ముందే తెలిసిన ఒక పాజిటివ్, ఒక నెగెటివ్ కల్చర్ కూడా పెట్టండి. సాధారణంగా స్టెఫిలోకాకస్, ఈ.కోలై పెడతారు. అవి తప్పు రంగులో వస్తే మీ శాంపిల్ గురించి ఏమీ రాయకండి, మళ్లీ చేయండి. సాధన కోసమైతే ఇంటి పెరుగు చాలు. నీళ్లతో బాగా పలచన చేసి పలుచటి స్మియర్ వేస్తే ఊదా రంగు లాక్టిక్ బ్యాక్టీరియా కనిపిస్తుంది.

చూసేటప్పుడు 10 రెట్ల లెన్స్‌తో మొదలుపెట్టి, చివర్న 100 రెట్ల లెన్స్‌కు ఆయిల్ వేయాలి. ఆయిల్ వేశాక 40 రెట్ల లెన్స్‌ను దాని మీదుగా తిప్పకండి. ల్యాబ్‌లో మసకబారిన 40 లెన్స్ కనిపిస్తే కారణం నూటికి తొంభై పాళ్లు ఇదే.

*అగరోజ్ జెల్*

డీఎన్ఏ ముక్కలను పరిమాణాన్ని బట్టి వేరుచేయడానికి ఈ జెల్ వాడతారు. ఒక శాతం జెల్‌కు 50 మి.లీ. బఫర్‌లో 0.5 గ్రాముల అగరోజ్. బఫర్ అన్నానే గానీ నీళ్లు అనలేదు. నీళ్లతో పోసిన జెల్ కూడా గట్టిపడుతుంది, చూడ్డానికి తేడా తెలియదు. డీఎన్ఏ మాత్రం సరిగా నడవదు. రెండో తప్పు వైర్లు తారుమారు చేయడం. డీఎన్ఏకు రుణావేశం కాబట్టి నల్ల వైపు నుంచి ఎర్ర వైపుకు పరుగెత్తుతుంది. డీఎన్ఏ వేసే గుంటలు (బావులు) నల్ల వైపు ఉండాలి. కరెంటు ఇచ్చాక రెండు నిమిషాలు అక్కడే ఉండి డీఎన్ఏతో కలిపిన రంగు (డై) ఎటు కదులుతోందో చూడండి.

*ల్యాబ్‌లో అదనపు సమయం అడగడం*

టైమ్‌టేబుల్‌లో ఉన్న మూడు గంటల్లో చెయ్యి తిరగదు. "సార్, నేను ల్యాబ్‌లో నేర్చుకోవాలనుకుంటున్నాను" అంటే ఆయన సరే అని మర్చిపోతారు. ఇలా అడగండి: "సార్, గురువారం నాలుగింటికి ల్యాబ్ ఖాళీగా ఉంటుంది. గ్రామ్ స్టెయిన్ మళ్లీ చేసి చూసుకుంటాను. స్లైడ్లు నేనే తెచ్చుకుంటాను, అయ్యాక కడిగి పెట్టి వెళ్తాను." రోజు, గంట, పని, శుభ్రం చేసే బాధ్యత, నాలుగూ చెప్తే కాదనేవాళ్లు అరుదు.

ల్యాబ్ అటెండర్‌ను మర్చిపోవద్దు. ఏ సీసా ఎక్కడుందో, ఏ ఆటోక్లేవ్ మూత ఎటు వంగిందో ఆ అన్నకు తెలిసినంత హెచ్‌వోడీకి కూడా తెలియదు. వాడిన గాజుసామాను కడిగి ఇచ్చేవాళ్లకు ఆయన తాళం త్వరగా తీస్తాడు.

4. రికార్డు, వైవా

సీనియర్ రికార్డు తెచ్చి దించేయడం అన్నిచోట్లా ఉన్న అలవాటే. దాంట్లో ఫలితాలూ సీనియర్‌వే ఉంటాయి. వైవాలో "ఈ ఓడీ (ద్రావణం కాంతిని ఆపే కొలత) విలువ 2 ఎలా వచ్చింది, పలచన చేశారా?" అని అడిగితే అక్కడే దొరికిపోతారు.

రెండు పుస్తకాలు పెట్టుకోండి. ఒకటి ఫెయిర్ రికార్డు, అది మార్కుల కోసం. రెండోది గట్టి అట్ట ఉన్న రఫ్ నోట్‌బుక్. అందులో తేదీ, సమయం, లాట్ నంబరు, చేసిన మార్పు, కరెంటు పోయిన సమయం, వచ్చిన సమయం కూడా ఎప్పటికప్పుడు రాయండి. తప్పు రాస్తే ఒక గీతతో కొట్టేయండి, వైట్‌నర్ వద్దు. రేపు కంపెనీలో క్వాలిటీ విభాగంలో చేరితే మొదటి వారం నేర్పేది ఇదే పద్ధతి.

వైవాకు వెళ్లేముందు ప్రతి ప్రయోగానికీ మూడు ప్రశ్నలు: ఈ రసాయనం ఎందుకు? ఇది వేయకపోతే ఏమవుతుంది? ఫలితం రాకపోతే మొదట దేన్ని అనుమానిస్తావు?

5. హాజరు, ఇంటర్నల్స్

75 శాతం హాజరు చూసుకోండి. పాకాల, పుత్తూరు, శ్రీకాళహస్తి వైపుల నుంచి రోజూ వచ్చేవాళ్లు బ్రహ్మోత్సవాల వారంలో బస్సుల రద్దీని ముందే లెక్కేసుకోవాలి. ఆ రోజుల్లో ఇంటర్నల్ పడితే ముందు రాత్రి హాస్టల్ స్నేహితుడి గదిలో ఉండిపోవడం మంచిది. పాత ప్రశ్నపత్రాలు ఐదేళ్లవి తిరగేస్తే సెమిస్టర్ థియరీ గట్టెక్కుతుంది. దీనికి ఇంతకంటే సలహా అక్కర్లేదు.

6. మీ దగ్గర లేనిది పక్క క్యాంపస్‌లో ఉంటుంది

ఒకే ఊళ్లో ఇన్ని సైన్స్ సంస్థలు ఉండటం తిరుపతి విద్యార్థులకు దొరికిన వరం. చిత్తూరు వాళ్లకు వెల్లూరు సీఎంసీ కూడా దూరం కాదు. కానీ గేటు దగ్గరికి వెళ్లి "ల్యాబ్ చూపిస్తారా" అంటే కుదరదు.

వరుస ఇది:

1. ఆ సంస్థ వెబ్‌సైట్‌లో అధ్యాపకుల పేజీలు చదివి, మీకు అర్థమయ్యే పని చేస్తున్న ముగ్గురిని ఎంచుకోండి.
2. వాళ్ల పరిశోధన వ్యాసం ఒక్కటైనా చదవండి. మొత్తం అర్థం కాకపోయినా ఫర్వాలేదు, ఒక బొమ్మ అర్థమైతే చాలు.
3. పది వరుసలు దాటని మెయిల్ రాయండి: మీరెవరు, వాళ్ల పనిలో ఏది చదివారు, మీ చేతికి వచ్చిన టెక్నిక్‌లు ఏవి, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా రాగలరు.
4. మీ విభాగం నుంచి అనుమతి లేఖ సిద్ధంగా ఉంచుకోండి.
5. రెండు వారాలు చూసి ఒకసారి గుర్తుచేయండి. అప్పటికీ జవాబు రాకపోతే తర్వాతివారికి రాయండి.

ముగ్గురికీ ఒకే మెయిల్ పంపి, అందరినీ ఒకే వరుసలో పెడితే ముగ్గురూ తెరవగానే మూసేస్తారు.

వేసవికి బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని మిగతా రెండు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ ఉంది. రెండు నెలలు ఒక ల్యాబ్‌లో పనిచేయొచ్చు. వేసవిలో అవకాశం కదా అని మార్చిలో వెతికితే గడువు ఎప్పుడో అయిపోయి ఉంటుంది. దసరా సెలవుల నుంచే నోటిఫికేషన్ చూస్తూ ఉండండి.

ఇక కంప్యూటర్ మీద చేసే పనికి చిన్న యూనివర్సిటీ, పెద్ద యూనివర్సిటీ తేడా లేదు. పబ్‌మెడ్‌లో వ్యాసాలు వెతకడం, బ్లాస్ట్‌లో సీక్వెన్స్ పోల్చడం, యూనిప్రాట్‌లో ప్రోటీన్ వివరాలు చూడటం అన్నీ ఉచితం. రెండో సెమిస్టర్‌లో ఇన్సులిన్ ప్రోటీన్ సీక్వెన్స్ తీసుకుని మనిషిది, పందిది, ఆవుది పోల్చి చూడండి. చివరికి తయారయ్యే ఇన్సులిన్‌లో (ఏ, బీ గొలుసుల్లో) మనిషికీ పందికీ ఒక్క అమైనో ఆమ్లం తేడా, ఆవుకు మూడు. ఒక సాయంత్రం చాలు.

7. ప్రాజెక్టు: దొరికేదానితో చేయండి

క్యాన్సర్, నానోపార్టికల్స్, స్టెమ్ సెల్స్ అని పేరు పెట్టి, ఆఖరి నెలలో డబ్బిచ్చి బయట చేయించుకోవడం చూస్తూనే ఉన్నాం. ఆ రిపోర్టులో ఒక్క పేజీ అడిగినా ఇంటర్వ్యూలో నోరు పెగలదు.

మన చుట్టూ శాంపిల్స్‌కు కొదవ లేదు. చిత్తూరు తోతాపురి మామిడి, గుజ్జు, అది పాడైనప్పుడు పెరిగే సూక్ష్మజీవులు, టమాటా మీద వచ్చే ఫంగస్, పాల నాణ్యత, తాగునీటిలో కోలిఫామ్ (కలుషితమైందని తెలిపే బ్యాక్టీరియా) పరీక్ష. వీటిని ఉన్న పరికరాలతో మొదటి నుంచి చివరిదాకా మీ చేత్తో చేయొచ్చు.

మొదలుపెట్టేముందు తేల్చుకోవాల్సినవి:

- ప్రశ్న ఒక్క వాక్యంలో వస్తుందా? "మామిడి గుజ్జు మీద అధ్యయనం" ప్రశ్న కాదు. "గది ఉష్ణోగ్రతలోనూ ఫ్రిజ్‌లోనూ ఉంచిన గుజ్జులో ఈస్ట్ సంఖ్య ఎన్ని రోజులకు ఎంత పెరుగుతుంది?" అన్నది ప్రశ్న.
- కంట్రోల్ (పోల్చి చూసే నమూనా) ఏది? ప్రతి పరీక్ష కనీసం మూడుసార్లు చేయడానికి మీడియా, ప్లేట్లు సరిపోతాయా?
- మనుషుల రక్తం, లాలాజలం వాడుతుంటే ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చిందా? స్నేహితుడిదే అయినా కావాలి.
- మొక్కలు శేషాచలం అడవి నుంచి తేవాలనుకుంటున్నారా? అటవీశాఖ అనుమతి లేకుండా ఆకు కూడా తేవొద్దు. ఎర్రచందనం జోలికైతే అసలే పోవద్దు.
- కల్చర్ ప్లేట్లు పారేసేముందు 121 డిగ్రీల దగ్గర ఆటోక్లేవ్ చేస్తారా? సూదులు, బ్లేడ్లు గుచ్చుకోని తెల్ల డబ్బాలో వేస్తారా?

ఐదు నెలల గడువు ఉందనుకుంటే మొదటి నెల చదవడానికి, మెటీరియల్ తెప్పించడానికి. కెమికల్స్ చెన్నై నుంచో బెంగళూరు నుంచో రావాలి, ఆలస్యం మామూలే. తర్వాతి మూడు నెలలు ప్రయోగాలు. చివరి నెల రాయడానికి. ప్రయోగం నాలుగో నెల చివరికి తేలకపోతే ఆపి, తేలినంతవరకు నిజాయితీగా రాయండి. రాని ఫలితాన్ని రాలేదని రాసి, ఎందుకు రాలేదో చెప్పిన రిపోర్టుకు మార్కులు తగ్గవు.

8. పోటీ పరీక్షలు: ఏది ఎప్పుడు

డిగ్రీ చివరి ఏడాదిలో ఐఐటీ జామ్ (ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష) బయోటెక్నాలజీ పేపర్ రాయొచ్చు. అందులో బయాలజీతో పాటు ఇంటర్ స్థాయి కెమిస్ట్రీ, ఫిజిక్స్, లెక్కలు కూడా ఉంటాయి. బైపీసీ వాళ్లు ఆ లెక్కలకు భయపడి దరఖాస్తే చేయరు. రెండో ఏడాది వేసవిలో ఇంటర్ లెక్కల్లో ముఖ్యమైన అధ్యాయాలు పట్టుకుంటే సరిపోతుంది.

గేట్ (పీజీ, పీహెచ్‌డీ ప్రవేశాలకు వాడే పరీక్ష) లైఫ్ సైన్సెస్ పేపర్‌కు కెమిస్ట్రీ తప్పనిసరి. దానితో పాటు బయోకెమిస్ట్రీ, బోటనీ, మైక్రోబయాలజీ, జువాలజీ, ఫుడ్ టెక్నాలజీల్లో రెండు ఎంచుకోవాలి. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది.

ఎమ్మెస్సీలో ఉన్నవాళ్లకు సీఎస్ఐఆర్ నెట్ (పరిశోధన ఫెలోషిప్, అధ్యాపక అర్హత పరీక్ష). లైఫ్ సైన్సెస్ పేపర్ మొత్తం 200 మార్కులు: పార్ట్ ఏలో 20 ప్రశ్నల్లో 15, పార్ట్ బీలో 50లో 35, పార్ట్ సీలో 75లో 25 రాయాలి. పార్ట్ సీలో ఒక్కో ప్రశ్నకు 4 మార్కులు, తప్పుకు కోత ఉంది. అంటే సగం మార్కులు ఆ పాతిక ప్రశ్నల్లోనే ఉన్నాయి, అవేమో గ్రాఫ్ ఇచ్చి, జెల్ బొమ్మ ఇచ్చి అడిగేవి. సిలబస్ మొత్తం పైపైన చదివినవాళ్ల కంటే నాలుగైదు యూనిట్లు లోతుగా చదివి, పార్ట్ ఏ ఆప్టిట్యూడ్ వదలకుండా చేసినవాళ్లకే అవకాశం ఎక్కువ. ల్యాబ్‌లో జెల్ చేత్తో నడిపినవాళ్లకు ఆ బొమ్మలు కొత్తగా అనిపించవు. జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు.

9. సిఫార్సు లేఖలు

దరఖాస్తు గడువుకు ముందు రోజు సాయంత్రం "మేడమ్, ఒక లెటర్ కావాలి" అని పరుగెత్తితే రెండు వాక్యాల లేఖే వస్తుంది. మూడు వారాల ముందు అడగండి. అడిగేటప్పుడు మీ మార్కులు, ప్రాజెక్టు సారాంశం ఒక పేజీ, ఆ మేడమ్ దగ్గర మీరు చేసిన ప్రయోగాల జాబితా, లేఖ ఎక్కడికి వెళ్లాలో, చివరి తేదీ ఏదో ఒకే మెయిల్‌లో పెట్టండి. వారం ముందు ఒకసారి గుర్తుచేయండి. ఫలితం వచ్చాక, అటో ఇటో, ఆమెకు ఫోన్ చేసి చెప్పండి. వచ్చే ఏడాది మీ జూనియర్ అడిగినప్పుడు ఆమె ఇంకా ఓపిగ్గా రాస్తారు.